ముఖానికి పౌడరు – ఎంపిక, వాడకం, జాగ్రత్తలు



స్నానం చేసి, తల దువ్వుకుని, ముఖానికి కాస్త పౌడరు అద్దుకోవడం మన ఇళ్లలో ఎంతోకాలంగా ఉన్న అలవాటు. చాలా ఇళ్లలో అద్దం పక్కన ఒకే డబ్బా ఉంటుంది. బడికి వెళ్లే పిల్లలు, ఆఫీసుకు వెళ్లే పెద్దలు, పెళ్లికి బయలుదేరే ఆడపడుచులు అందరూ అందులోనిదే వాడతారు. ఉయ్యాలలోని పసిబిడ్డకు కూడా అదే చల్లుతారు.

పౌడరు వేసుకోవడం తప్పు కాదు. ముఖం జిడ్డు లేకుండా, శుభ్రంగా కనిపించాలని ఎవరికైనా ఉంటుంది. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పౌడరు చర్మం పైన ఉండవలసిన వస్తువు. అక్కడ ఉన్నంతవరకు దానితో భయం తక్కువ. అది ఊపిరితిత్తుల్లోకో, గాయంలోకో చేరినా, చూపించుకోవలసిన మచ్చను కప్పేసినా ఇబ్బందులు మొదలవుతాయి. ఈ తేడా తెలిస్తే ఏ పౌడరు కొనాలో, ఎలా వాడాలో మీరే నిర్ణయించుకోగలరు.

పౌడరు అంటే ఏమిటి?

చిన్నప్పుడు పలక మీద బలపంతో రాసినవారికి పౌడరు గురించి చెప్పడం తేలిక. బలపం రాయిలో ముఖ్యంగా ఉండే ఖనిజం పేరు టాల్క్. ఖనిజాలన్నింటిలోకి మెత్తనిది ఇదే. గోటితో గీకితేనే పొడి రాలుతుంది. మన దేశంలో దీనిని ఎక్కువగా రాజస్థాన్‌లో తవ్వుతారు. ఈ రాయిని మెత్తగా పొడిచేసి, శుద్ధి చేసి, సువాసన కలిపితే మనకు తెలిసిన టాల్కం పౌడరు తయారవుతుంది.

టాల్క్ రేణువులు పలుచని రేకుల్లా ఉంటాయి. ఒకదానిమీద ఒకటి జారుతాయి. అందుకే చేతికి నున్నగా తగులుతుంది. ముఖం మీది నూనెను కొంత పట్టుకుని మెరుపును తగ్గిస్తుంది. అయితే టాల్క్ నీటిలో కరగదు. ఈ ఒక్క గుణం వల్లనే అది శరీరం లోపలికి వెళ్లినప్పుడు తేలికగా బయటకు పోదు.

ముఖానికి వాడే పౌడర్లలో టాల్క్‌తోపాటు, లేదా దాని బదులు, మొక్కజొన్న పిండి, బియ్యపు పిండి, తెల్ల బంకమన్ను, అభ్రకం, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటివి కలుపుతారు. చర్మపు రంగు రావడానికి ఐరన్ ఆక్సైడులు వాడతారు.

పౌడర్లలో రకాలు

1. టాల్కం పౌడరు: ఇది ఒంటికి వాడటానికి చేసినది. సువాసన ఎక్కువ, రంగు తెలుపు. ముఖానికి వాడితే చామనచాయ వారికి, నల్లనివారికి బూడిద పూసినట్టు కనిపిస్తుంది. సువాసన పడని చర్మానికి దురద రావచ్చు.

2. లూజ్ పౌడరు: ముఖం కోసం చేసిన మెత్తని పొడి. క్రీము, ఫౌండేషన్ వేసిన తరువాత అవి చెదరకుండా పైన పలుచగా అద్దుతారు. రంగు ఉన్నవి, రంగు లేనివి రెండూ దొరుకుతాయి. జిడ్డు చర్మానికి బాగుంటుంది. గాలిలోకి లేచేది కూడా ఇదే ఎక్కువ.

3. కాంపాక్ట్: అదే పొడిని కొద్దిపాటి నూనె, జిగురు పదార్థాలతో బిళ్లగా అదిమి, అద్దం ఉన్న చిన్న డబ్బీలో అమ్ముతారు. పొడి ఎగరదు. ప్రయాణంలో వీలుగా ఉంటుంది. ఆయాసం ఉన్నవారికి లూజ్ పౌడరు కన్నా ఇది మేలు.

4. చెమటకాయల పౌడరు: ఇందులో మందులు, చల్లదనాన్నిచ్చే పదార్థాలు ఉంటాయి. ముఖానికి రోజూ రాసుకునేది కాదు. పసిపిల్లలకు అసలే వద్దు.

కొనే ముందు లేబుల్ చదవండి

మన దేశంలో సౌందర్య సాధనాలకు 1940 నాటి చట్టం, దాని కింద 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. వీటి ప్రకారం డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఏ తేదీలోగా వాడాలి, అందులో ఏమేమి ఉన్నాయి అనేవి ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవేవీ లేకుండా సంతలో, తిరునాళ్లలో, బస్టాండులో తక్కువ ధరకు అమ్మేది ఎంత పెద్ద పేరు పెట్టుకున్నా కొనవద్దు.

ఇంత పట్టుదల ఎందుకో చరిత్ర చెబుతుంది. పూర్వం యూరప్‌లోను, జపాన్‌లోను ముఖానికి పూసే తెల్ల పొడిని సీసంతో చేసేవారు. జపాన్‌లో చాలామంది పసిబిడ్డలకు మెదడువాపు వంటి జబ్బు వచ్చి ప్రాణాలు పోయేవి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1923లో క్యోటోకు చెందిన పిల్లల వైద్యుడు హిరాయ్ అసలు సంగతి కనిపెట్టారు. తల్లులు పూసుకునే తెల్ల పౌడరులోని సీసమే బిడ్డల ఒంట్లో చేరుతోంది. మన వీధి నాటకాల కళాకారులు ముఖానికి పూసుకున్న అర్దళంలోను పాషాణం అనే విషం ఉంది. ఇప్పుడు మన నిబంధనలు సీసం, పాషాణం కలిసిన రంగులను సౌందర్య సాధనాల్లో నిషేధించాయి. కాని నిబంధన కాపాడేది లేబుల్ ఉన్న సరుకునే. పేరూ ఊరూ లేని పొడిలో ఏముందో చూసేవారు ఎవరు?

కొత్త పౌడరు తెచ్చిన రోజే ముఖమంతా పూయకండి. చెవి వెనకో, మోచేతి మడత లోపలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు, మంట లేకపోతే వాడండి.

మీ రంగుకు తగినది ఎలా ఎంచుకోవాలి?

షాపులో ట్యూబులైటు వెలుగులో అన్ని రంగులూ ఒకేలా కనిపిస్తాయి. చేతి మీద రాసి చూసినా సరిగా తెలియదు. ముఖం రంగు, చేతి రంగు ఒకటి కావు. దవడ అంచున కొద్దిగా అద్దుకుని, గుమ్మం బయటకు వచ్చి పగటి వెలుగులో అద్దం చూసుకోండి. ఎక్కడ పూశారో కనిపించకపోతే అదే మీ రంగు.

చాలామంది తమకన్నా రెండు ఛాయలు తెల్లనిది కొంటారు. దీనితో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అవుతాయి. చెమట పట్టగానే చారలు కడుతుంది. ఫొటో ఫ్లాష్ వెలుగులో ముఖం మరీ తెల్లగా పాలిపోయినట్టు పడుతుంది. ఏ పౌడరూ చర్మపు రంగును మార్చదు. చామనచాయ జబ్బు కాదు, దానికి మందు అవసరం లేదు. ఈ మాట ఆడపిల్లలకు ఇంట్లో పెద్దలే చెప్పాలి. "కాస్త తెల్ల పౌడరు రాసుకోవే" అని పెళ్లిచూపుల రోజున మనం అన్న మాట వాళ్ల మనసులో చాలాకాలం ఉండిపోతుంది.

పౌడరు చాలక కొందరు మెడికల్ షాపులో అడిగి "తెల్లబడే క్రీము" తెచ్చుకుంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో ముఖం తేటపడినట్టు ఉంటుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. క్రీము ఆపితే మంట, వాడితే నష్టం. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన బిగించింది. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా చర్మవ్యాధుల డాక్టరుగారికి చూపించండి.

ఎలా వేసుకోవాలి?

1. ముందు ముఖం కడుక్కుని, మెత్తని తువ్వాలుతో అద్దుకోండి. చెమట మీద, మురికి మీద పౌడరు వేస్తే ముద్దలు కడుతుంది.

2. పొడి చర్మం వారు తేమనిచ్చే క్రీము పలుచగా రాయండి. ఎండలో వెళ్లేవారు ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ క్రీము రాయండి. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. పౌడరు మీద ఎస్.పి.ఎఫ్. అంకె రాసి ఉన్నా, మనం అద్దుకునే కొద్ది పొడి ఎండను ఆపడానికి చాలదు.

3. ఫౌండేషన్ వాడేవారు దాని తరువాత, వాడనివారు నేరుగా పౌడరు అద్దుకోవచ్చు. పఫ్ మీద కొంచెం తీసుకుని, డబ్బా మూత మీద తట్టి, ఎక్కువైనది రాలనివ్వండి.

4. రుద్దవద్దు, అద్దండి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర ముందు అద్దండి. జిడ్డు అక్కడే ఎక్కువ. మిగిలినది బుగ్గల మీదికి, మెడ మీదికి పలుచగా తీసుకురండి.

5. అద్దేటప్పుడు కళ్లు, నోరు మూసుకుని, ఒక్క క్షణం ఊపిరి బిగపట్టండి. ఫ్యాన్ కింద నిలబడి వేసుకోవద్దు.

6. మధ్యాహ్నం ముఖం జిడ్డుగా అనిపిస్తే ముందు మెత్తని కాగితంతోనో, శుభ్రమైన చేతిరుమాలుతోనో అద్ది, ఆ తరువాత పౌడరు వేసుకోండి. చెమట మీద పొర, పొర మీద పొర వేయకండి.

7. రాత్రి ముఖం కడగకుండా పడుకోవద్దు. పగలంతా చేరిన నూనె, దుమ్ము, పౌడరు కలిసి మొటిమలు ఉన్నవారికి మరింత ఇబ్బంది చేస్తాయి.

పఫ్, బ్రష్ సంగతి

మంచి పౌడరు కొని, సంవత్సరం నుంచి ఉతకని పఫ్‌తో వేసుకుంటే లాభం లేదు. పఫ్‌ను వారానికి ఒకసారి సబ్బునీళ్లలో ఉతికి ఎండలో ఆరబెట్టండి. తడిగా ఉన్నప్పుడు డబ్బాలో పెట్టవద్దు, బూజు పడుతుంది. ఎవరి పఫ్ వారికే ఉండాలి.

పెళ్లికి ముస్తాబు చేసే బ్యూటీషియన్లను, పిల్లల డాన్సు ప్రోగ్రాములో ముఖాలకు రంగు వేసేవారిని శుభ్రమైన స్పాంజి అడగడానికి మొహమాటపడవద్దు. మంగలి షాపులో గడ్డం గీసిన తరువాత అందరికీ ఒకే బ్రష్‌తో పౌడరు అద్దుతారు. బ్లేడు గాట్లు ఉన్నప్పుడు ఒకరి చర్మం మీది క్రిములు మరొకరికి చేరడానికి ఇది సులువైన దారి. అక్కడ పౌడరు వద్దని చెప్పండి.

పసిబిడ్డలకు పౌడరు ఎందుకు వద్దు?

ఈ భాగం తల్లులు, అత్తగార్లు, అమ్మమ్మలు తప్పక చదవాలి. బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మెడకింద, చంకల్లో తెల్లగా పౌడరు చల్లి దిష్టిచుక్క పెడితేనే మనకు తృప్తి. ప్రేమతోనే చేస్తాం. అయినా పిల్లల డాక్టర్లు ఇది వద్దంటారు.

బిడ్డ ముక్కు రంధ్రాలు, శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి. డబ్బా వంచి చల్లినప్పుడు లేచే పొడి మన కంటికి కొంచెమే కనిపిస్తుంది. దానిలోని సన్నని రేణువులు ఊపిరితోపాటు లోపలికి పోయి, అక్కడి తేమను పీల్చి గోడలకు అంటుకుంటాయి. టాల్క్ కరగదు కనుక దగ్గు, ఆయాసం, ఊపిరితిత్తుల వాపు రావచ్చు. ఎక్కువ మోతాదులో పీల్చి పసిపిల్లలు మరణించిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి. మొక్కజొన్న పిండి పౌడరైనా ఊపిరితిత్తుల్లోకి వెళ్లవలసినది కాదు.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. గుడ్డ మార్చేటప్పుడు బిడ్డ ఏడవకుండా పౌడరు డబ్బాను ఆట వస్తువుగా చేతికి ఇస్తాం. మూత ఊడి ముఖం మీద పడితే ఒక్క క్షణంలో గుప్పెడు పొడి ముక్కులోకి, నోటిలోకి పోతుంది.

అలా జరిగితే ఇలా చేయండి:

• బిడ్డను వెంటనే గాలి వచ్చే చోటికి తీసుకురండి. ముఖం, ముక్కు, పెదవుల మీది పొడిని తడిగుడ్డతో తుడవండి.
• గొంతులో వేలు పెట్టవద్దు. వాంతి చేయించవద్దు. దగ్గుతున్న బిడ్డకు పాలు, నీళ్లు పట్టవద్దు.
• బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకురండి. ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చు. డబ్బాను కూడా వెంట తీసుకురండి.
• వేగంగా ఊపిరి తీయడం, డొక్కలెగరేయడం, పెదవులు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

మరి బిడ్డకు ఏం రాయాలి? ఏమీ రాయకపోయినా పరవాలేదు. మెడ, చంక, తొడల మడతలను నీటితో శుభ్రం చేసి, మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనిస్తే చాలు. చెమటకాయలకు పలుచని నూలు బట్టలు, చల్లని గాలి మంచి మందు. మడతలు ఎర్రగా ఒరుసుకుపోతే పౌడరు చల్లి కప్పకుండా డాక్టరుకు చూపించండి. బొడ్డు ఊడని బిడ్డకు బొడ్డు మీద పౌడరు, నూనె, పసుపు ఏదీ వేయవద్దు. ముఖానికి పౌడరు వేసుకునే తల్లి కూడా బిడ్డను పక్కన పెట్టి, దూరంగా వెళ్లి వేసుకోవడం మంచిది.

గాయాల మీద, మర్మస్థానాల్లో వద్దు

ఒకప్పుడు ఆపరేషన్ థియేటర్లో వాడే గ్లౌజులకు టాల్క్ పౌడరు చల్లేవారు. ఆ పొడి కడుపులో పడిన చోట గడ్డలు కట్టడం, పేగులు అతుక్కోవడం గమనించి డాక్టర్లు దానిని మానేశారు. తరువాత పిండి పౌడరు వచ్చింది. అమెరికాలో 2017 నుంచి పౌడరు వేసిన సర్జరీ గ్లౌజులన్నింటినీ నిషేధించారు. ఊపిరితిత్తుల చుట్టూ మాటిమాటికీ నీరు చేరే కొందరు రోగులకు, శుద్ధి చేసిన టాల్క్‌ను డాక్టర్లే కావాలని పొరల మధ్యకు పంపి అవి అతుక్కునేలా చేస్తారు. శరీరం లోపల టాల్క్ ఎంత వాపు పుట్టిస్తుందో దీనినిబట్టి తెలుస్తుంది. కనుక తెగిన చోట, కాలిన చోట, పగిలిన పొక్కుల మీద పౌడరు వేయరాదు.

స్త్రీలు మర్మస్థానాల దగ్గర, నెలసరి గుడ్డల మీద పౌడరు చల్లుకునే అలవాటు మానుకోవాలి. భూమిలో టాల్క్ ఉన్న చోటనే కొన్నిసార్లు ఆస్‌బెస్టాస్ అనే ఖనిజం కూడా ఉంటుంది. ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ను కూడా "బహుశా క్యాన్సర్ కలిగించగలది" అనే వర్గంలో చేర్చింది. స్త్రీల అండాశయ క్యాన్సర్‌కు సంబంధించి కొంత ఆధారం కనిపించడం ఇందుకు ఒక కారణం. పిల్లల పౌడరుకు పేరుపడ్డ ఒక అంతర్జాతీయ కంపెనీ 2020లో అమెరికా, కెనడాలలో టాల్క్ పౌడరు అమ్మకం ఆపి, 2023లో అన్ని దేశాల్లోనూ మొక్కజొన్న పిండికి మారింది.

ఇది చదివి భయపడవద్దు. ముఖానికి పౌడరు వేసుకున్న ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. అవసరం లేని చోట వాడకూడదని, వాడే చోట గాలిలోకి లేపకూడదని మాత్రమే అర్థం.

పౌడరు కింద దాగిన మచ్చ

పైన పటారం, లోన లొటారం అంటారు కదా. ముఖం మీద మచ్చ రాగానే చాలామంది చేసే మొదటి పని దాని మీద మందంగా పౌడరు వేయడం. ఆసుపత్రికి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి.

బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు మంగు కావచ్చు. అంచులు ఎర్రగా, గుండ్రంగా, దురదగా ఉంటే తామర కావచ్చు. పాలలా తెల్లగా ఉంటే బొల్లి కావచ్చు. పాలిపోయిన లేదా కొంచెం ఎర్రని మచ్చ మీద స్పర్శ తగ్గితే కుష్ఠు కావచ్చు. కళ్లు మూసుకుని మచ్చ మీద దూదితో తాకించుకోండి. తెలియకపోతే వెంటనే రండి. ముఖం మీద మాత్రం స్పర్శ తెలిసినంత మాత్రాన కుష్ఠు కాదని చెప్పలేము, కాబట్టి అలాంటి మచ్చ మానకుండా ఉంటే చూపించుకోవాలి. కుష్ఠుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు, కళ్లకు అవిటితనం రావచ్చు. డాక్టరు దగ్గరకు వచ్చే రోజు ముఖానికి పౌడరు, క్రీము వేసుకోకుండా రండి. ఉన్న మచ్చ ఉన్నట్టు కనిపించాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్తమా ఉంది, పౌడరు వేసుకోవచ్చా?
సువాసన లేని కాంపాక్ట్‌ను కొద్దిగా వాడవచ్చు. పొడి చల్లుకోవడం, సువాసన గలవి మానాలి. ఇంట్లో ఆస్తమా పిల్లలు ఉంటే వాళ్ల ఎదుట పౌడరు వేసుకోవద్దు.

మొటిమలు ఉన్నాయి, పౌడరు వల్లనే వచ్చాయా?
ఎక్కువగా వయసు, హార్మోన్లు కారణం. మందపు పొరలు, మురికి పఫ్, రాత్రి ముఖం కడగకపోవడం వాటిని పెంచుతాయి. పుండ్లుగా ఉన్న మొటిమల మీద పౌడరు ఆపండి.

పాత డబ్బా వాడవచ్చా?
తేదీ దాటినా, వాసన మారినా, గడ్డకట్టినా, తడి తగిలినా పారేయండి. పారేసేటప్పుడు పిల్లల చేతికి అందకుండా చూడండి.

గుర్తుంచుకోండి

• లేబుల్ లేని పౌడరు కొనవద్దు.
• మీ రంగుకు కలిసేది ఎంచుకోండి. తెల్లబరిచేదాని కోసం వెతకవద్దు.
• చల్లవద్దు, పఫ్‌తో కొద్దిగా అద్దండి. పఫ్‌ను వారానికి ఒకసారి ఉతకండి.
• పసిబిడ్డకు పౌడరు వద్దు, డబ్బా చేతికి ఇవ్వవద్దు.
• గాయాల మీద, మర్మస్థానాల్లో వాడవద్దు.
• మచ్చను కప్పవద్దు, చూపించండి.

ఈ రోజు ఇంట్లో ఒక చిన్న పని చేయండి. పౌడరు డబ్బా తీసి లేబుల్ చదవండి, తేదీ చూడండి, పఫ్ ఉతికి ఆరవేయండి. తరువాత ఆ డబ్బాను చంటిపిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.